మలుపులో పడ్డ బండి అబద్ధం చెప్పదు: మా షెడ్డులో వినే అపోహలు, చూసే వాస్తవాలు

అచ్చంపేటలో ఇరవై రెండేళ్లుగా బైక్ మెకానిక్‌ని. ఐదారేళ్ల నుంచి ఆదివారాలు పోరగాళ్లకు బండి నడపడం కూడా నేర్పిస్తున్నా. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు ఎక్కే మలుపుల దగ్గర నుంచి దోమలపెంట, ఈగలపెంట దాటి డ్యామ్‌కు దిగే ఘాట్ దాకా ఎక్కడ బండి పడ్డా, ట్రాలీ ఆటోలో ఎక్కించి మా వైపు తీసుకొస్తుంటారు. వచ్చిన ప్రతివాడూ చెప్పేది దాదాపు ఒకే కథ. బ్రేకులు పడలేదు, టైరు జారింది, రోడ్డు బాగాలేదు, ఎదురుగా బస్సొచ్చింది. నేను తలూపి విని, వాళ్లు వెళ్లాక బండి దగ్గర కూర్చుంటా. అది చెప్పేది వేరేగా ఉంటుంది.

పోయిన కార్తీకంలో ఒక 150 సీసీ బండి వచ్చింది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులు వంగి, హెడ్‌లైట్ ఊడి వైర్లకు వేలాడుతోంది. పిల్లవాడికి మోచేతులు, మోకాళ్లు చెక్కుకుపోయాయి, అంతకుమించి ఏం కాలేదు. "బ్రేకులు పడలే అన్నా" అన్నాడు. ముందు చక్రం విప్పి డిస్క్ ప్యాడ్లు వాడి చేతిలో పెట్టా. పద్దెనిమిది వేల కిలోమీటర్లు తిరిగిన బండి, ప్యాడ్లు మాత్రం నిన్న డబ్బాలోంచి తీసినట్టున్నాయి, అంటే ముందు బ్రేకు దాదాపు ముట్టుకోనేలేదు. వెనక బ్రేక్ షూలు ఇనుము తేలేదాకా అరిగాయి. వెనక టైరు నడిమధ్యలో అరచేయంత మేర ఒకేచోట చెక్కినట్టు చదునుగా ఉంది, అంటే చక్రం తిరగకుండా లాక్ అయి రోడ్డు మీద ఈడ్చుకుపోయింది. అదే టైరు అంచులు చూస్తే రెండు పక్కలా రెండేసి వేళ్ల వెడల్పున రబ్బరు అసలు అరగలేదు, కొత్త టైరుకు ఉండే వెంట్రుకల్లాంటి పోగులు కూడా అలాగే ఉన్నాయి. కొన్నప్పటి నుంచి ఆ బండి సరిగ్గా ఒక్కసారి కూడా వంగలేదన్నమాట. మలుపు వచ్చింది, వేగం ఎక్కువనిపించింది, గుండె ఝల్లుమంది, కుడికాలు బలంగా దిగింది, బండి తిన్నగా రాళ్లలోకి పోయింది. ఇంకో పది డిగ్రీలు వంచి ఉంటే ఆ మలుపు దాటేసేవాడు.

ఇది మన దగ్గరి పిల్లల జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ఆయన బృందం లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో 900 బైక్ ప్రమాదాలను జరిగినచోటికే వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. వేరే వాహనం తగలకుండా బండి తనంతట తాను పడ్డ ప్రమాదాల్లో దాదాపు మూడింట రెండు వంతులకు కారణం నడిపేవాడి పొరపాటే అని తేల్చారు. ఆ పొరపాట్లలో ముఖ్యమైనవి రెండు: బ్రేకు అతిగా తొక్కి జారడం, మలుపులో వేగం ఎక్కువై లేదా చాలినంత వంచలేక బయటికి పోవడం.

అపోహ: "స్పీడేం లేదన్నా, యాభైలోనే ఉన్నా"

యాభై అంటే తక్కువని ఎవరన్నారు? మన్ననూరు దాటాక అడవిలో రోడ్డు చాలాచోట్ల తిన్నగా ఉంటుంది, అరగంట సేపు ఎనభైలో పోతే ఆ తర్వాత యాభై అంటే సైకిలు తొక్కినట్టే ఉంటుంది. కన్ను అలవాటు పడిపోతుంది. మీటరు చూడకుండా ఒంటికి తెలిసిన వేగాన్ని నమ్ముకుంటే ఆ టైమ్‌లో మోసపోతాం.

లెక్క చూడండి. 30 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపును 40 వేగంలో తిరగాలంటే బండి దాదాపు 23 డిగ్రీలు వంగాలి. 50లో అయితే 33 డిగ్రీలు. 60లో 43. వేగం సగమే పెరిగింది, కానీ మలుపు బండిని బయటికి తోసే బలం రెండింతలు దాటింది, ఎందుకంటే అది వేగానికి వర్గంగా పెరుగుతుంది. మామూలు బండ్లు చాలావాటికి 40 డిగ్రీలు దాటేసరికి ఫుట్‌రెస్టో స్టాండో నేలను గీకడం మొదలవుతుంది. నేను నేర్పే పిల్లల్లో ఎక్కువమంది ఇరవై దగ్గరే భయపడి ఒళ్లు బిగపట్టేస్తారు. కాబట్టి యాభైలో పోయిన పిల్లవాడికి కావాల్సిన 33 బండిలో ఉంది, వాడిలో లేదు. అందుకే నేను చెప్పేది, మలుపుకు ముందే, బండి తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు వేసి గేరు తగ్గించండి, లోపలికి వెళ్లాక ఆక్సిలేటర్‌ను కొంచెం పట్టి సాఫీగా పోనివ్వండి. లోపలికి పోయాక వేగం గురించి ఆలోచించడం పెళ్లయ్యాక జాతకం చూపించినట్టే.

ఇంకోటి, మన్ననూరు అటవీ చెక్‌పోస్టు గేటు రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరుకు తెరుస్తారు. ఎనిమిదిన్నరకు ఘాట్ ఎక్కుతున్నవాళ్ల ముఖాలు చూస్తే తెలుస్తుంది, వాళ్ల కళ్లు రోడ్డు మీద లేవు, గడియారం మీద ఉన్నాయి.

అపోహ: "ముందు బ్రేకు ముట్టుకుంటే పల్టీ కొడతాం"

ఇది తండ్రి కొడుక్కి, కొడుకు తమ్ముడికి ఇచ్చే ఆస్తి. సైకిలు రోజుల నుంచి వస్తోంది. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా ఆపేటప్పుడు ఆపే బలంలో మూడింట రెండు వంతులకు పైగా ముందు బ్రేకుదే. తేలికైన వెనక చక్రాన్ని బలంగా తొక్కితే లాక్ అవుతుంది, అంతే. పల్టీ కొట్టించేది ముందు బ్రేకు కాదు, దాన్ని ఒక్కసారిగా కరిచినట్టు పట్టుకోవడం. రెండు వేళ్లతో మొదలుపెట్టి నిమ్మకాయ పిండినట్టు నెమ్మదిగా పెంచాలి.

మలుపులో అసలు బ్రేకే వేయకూడదా అంటే, అదీ పూర్తి నిజం కాదు. టైరుకు ఉన్న పట్టు నెల జీతం లాంటిది. తిరగడానికి కొంత ఖర్చవుతుంది, మిగిలినదే బ్రేకుకు. బండి బాగా వంగి ఉన్నప్పుడు జేబులో చిల్లర మాత్రమే ఉంటుంది, అప్పుడు పెద్ద నోటు తీయబోతే కింద పడతాం. అడ్డంగా గేదె వస్తే? స్థలం ఉంటే ముందు బండిని నిటారుగా లేపి, తిన్నగా పోతూ గట్టిగా ఆపండి. స్థలం లేకపోతే వంగినప్పుడే రెండు బ్రేకులూ మెత్తగా. దీన్ని ఖాళీ గ్రౌండులో వంద సార్లు చేసి చూసుకోకుండా రోడ్డు మీద ఎవరికీ రాదు, నాకూ రాలేదు.

అపోహ: "ఏబీఎస్ ఉంది, నాకేం టెన్షన్ లేదు"

ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు. 125 సీసీ దాటిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి దాన్ని తప్పనిసరి చేశారు, మంచి పనే. కానీ షోరూమ్‌లో ఎవరూ చెప్పని విషయాలు రెండు. ఒకటి, చాలా బండ్లలో ఉన్నది సింగిల్ చానల్, అంటే ముందు చక్రానికి మాత్రమే, వెనకది ఎప్పటిలాగే లాక్ అవుతుంది. రెండోది, మామూలు ఏబీఎస్‌కు బండి ఎంత వంగిందో తెలియదు. వంపును కొలిచే సెన్సార్ ఉన్న కార్నరింగ్ ఏబీఎస్ ఖరీదైన బండ్లలోనే ఉంటుంది. అది కూడా వేగాన్ని తగ్గించి పెట్టదు, మీ బదులు హ్యాండిల్ తిప్పదు.

అపోహ: "హ్యాండిల్ తిప్పితే బండి తిరుగుతుంది"

ఆటో అయితే తిరుగుతుంది. బైకు ఇరవై పాతిక వేగం దాటాక ఎడమకు పోవాలంటే ఎడమ చేతి గ్రిప్‌ను ముందుకు తోయాలి. వినడానికి ఉల్టాగా ఉంటుంది, నేను బోర్డు మీద గీసి చెప్పినా ఎవరూ నమ్మరు. గ్రౌండులో నలభైలో పోతూ ఎడమ అరచేత్తో మెల్లగా నొక్కమంటా, బండి టక్కున ఎడమకు వంగుతుంది, హెల్మెట్‌లోంచి "అరే" అని వినబడుతుంది. తెలియకుండా అందరం చేసేది ఇదే. తెలిసి చేస్తే, మలుపు అనుకున్నదానికన్నా బిగుసుకున్నప్పుడు ఇంకొంచెం నొక్కొచ్చు. తెలియనివాడు భయంలో చేతులు బిగించి బండి వంగకుండా తనే ఆపుకుంటాడు.

ఇక కళ్లు. ఎటు చూస్తే బండి అటే పోతుంది. నా సొంత బాగోతం చెబుతా. ఇరవై నాలుగేళ్లప్పుడు వంద సీసీ బండి మీద ఘాట్ దిగుతూ కుడి మలుపులో కొంచెం వెడల్పుగా పోయా. ఎడమ పక్క తెల్ల సున్నం కొట్టిన కిలోమీటరు రాయి. దాన్ని తప్పించాలి, తప్పించాలి అనుకుంటూ దాన్నే చూశా. రోడ్డు పక్కన అంత ఖాళీ స్థలం ఉండగా సరిగ్గా ఆ రాయినే వెతుక్కుంటూ వెళ్లి గుద్దా. రాయి బాగానే ఉంది, నా ఎడమ మణికట్టు మాత్రం ఇప్పటికీ వానాకాలంలో నొస్తుంది. తల తిప్పి మలుపు బయటపడే చోటును చూడాలి. కళ్లు మాత్రమే కాదు, గడ్డం కూడా అటు తిరగాలి.

అపోహ: "ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే పెట్రోల్ మిగులుతుంది"

2020 తర్వాత, బీఎస్-6 అనే పొగ నిబంధనల కింద వచ్చిన బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి, అంటే పెట్రోల్‌ను కంప్యూటర్ కొలిచి పంపుతుంది. గేరులో ఉండి ఆక్సిలేటర్ పూర్తిగా వదిలి దిగుతుంటే, కొంచెం వేగం ఉన్నంతసేపు అవి ఇంజిన్‌కు పెట్రోల్ ఆపేస్తాయి. న్యూట్రల్‌లో పెడితేనే ఇంజిన్ ఆగిపోకుండా పెట్రోల్ తాగుతుంది. అంటే పొదుపు కూడా లేదు. పైగా ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది, డ్రమ్ బ్రేకు వేడెక్కి కాలిన వాసన వస్తుంది, తర్వాత ఎంత తొక్కినా సగమే పడుతుంది. క్లచ్ పట్టుకుని మలుపు తిరిగేవాళ్లకూ ఇదే జవాబు. రెండో గేరులోనో మూడో గేరులోనో దిగండి. స్కూటర్లకు ఈ ఇంజిన్ పట్టు తక్కువ, కాబట్టి ఇద్దరు ఎక్కి దిగేటప్పుడు మధ్యలో ఆగి చక్రాలు చల్లారనివ్వండి.

అపోహ: "లావు టైరు వేస్తే మలుపులో గ్రిప్పు"

వేస్తాను, డబ్బులు వస్తాయి కాబట్టి. కానీ చెప్పే వేస్తాను. రిమ్ వెడల్పుకు మించిన టైరు నొక్కుకుపోయి గుండ్రటి ఆకారం మారుతుంది, బండి వంగడానికి మొండికేస్తుంది. కంపెనీ సైజు టైరు, స్టిక్కర్ మీద రాసినంత గాలి, ఇంతకు మించిన గ్రిప్పు నా షెడ్డులో దొరకదు. కొత్త టైరు వేయించుకున్నాక మొదటి వంద కిలోమీటర్లు ఘాట్ వైపు పోకండి, పైపొర నున్నగా ఉంటుంది.

అపోహ: "నా సైడులో నేనున్నా కదా"

టైరు మీ సైడులోనే ఉంది, తల ఎక్కడుంది? కుడి మలుపులో మధ్య గీతను ఆనుకుని వంగితే తలా భుజమూ ఎదుటివాడి సైడులోకి పోతాయి. అడుగులు కొలిచి చూడండి, బండి వంగినప్పుడు టైరుకూ తలకూ మధ్య రెండడుగులకు పైనే తేడా. ఎడమ మలుపులో వేగం ఎక్కువైతే మీరే ఎదురు బండి ముందుకు పోతారు, కుడి మలుపులో అయితే లోయ వైపు. వీడియోల్లో చూసిన రేసు లైను, బయట నుంచి లోపలికి, లోపల నుంచి బయటికి, ట్రాక్ మీద బాగుంటుంది, అక్కడ ఎదురుగా ఆర్టీసీ బస్సు రాదు.

ఆ బస్సుకు హెయిర్‌పిన్‌లో, అంటే పూర్తిగా వెనక్కి తిరిగే మలుపులో, రోడ్డంతా కావాలి. ముందు భాగం వెడల్పుగా బయటికి వెళ్లి, వెనక చక్రాలు లోపలి అంచును కోసుకుంటూ వస్తాయి. అప్పుడు లోపలి వైపు కనిపించే ఖాళీ సందు మీ కోసం కాదు, ఇంకో రెండు సెకన్లలో బస్సు వెనక చక్రం అక్కడే ఉంటుంది. కింద ఆగి హారన్ కొట్టి, దాన్ని పోనివ్వండి.

అపోహ: "రోడ్డు తప్పు"

కొన్నిసార్లు నిజమే. మలుపులో టిప్పర్ రాల్చిన కంకర, బస్సు ట్యాంకు నుంచి చిందిన డీజిల్, తొలకరి జల్లు పడ్డ మొదటి పావుగంటలో తేలే జిడ్డు, వీటికి ఎంత నేర్చినా జారతారు. హాలియా, మిర్యాలగూడ వైపు యాసంగి కోతల్లో వెళ్తే రోడ్డుకు సగం వడ్లే. రైతును తిట్టబుద్ధి కాదు, కల్లం లేనివాడు ఎక్కడ ఆరబోసుకుంటాడు? కానీ తారు మీద వడ్లు గోలీల్లాంటివి, రాత్రి నల్ల పట్టా కప్పి చుట్టూ రాళ్లు పెడితే హెడ్‌లైట్‌కు కూడా ఆనవు. అందుకే కనిపించినంత దూరంలో ఆగగలిగే వేగమే సరైన వేగం. 60లో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతాం, బ్రేకు మీద చేయి పడేలోపే ఆ దూరం అయిపోతుంది.

చిన్నవి రెండు. సైడ్ స్టాండ్ దించి మరిచిపోతే మొదటి ఎడమ మలుపులోనే అది నేలకు తగిలి బండిని లేపేస్తుంది, స్టాండ్ వేస్తే ఇంజిన్ ఆగిపోయే ఏర్పాటు పాత బండ్లలో లేదు. వెనక కూర్చున్నవాళ్లు భయంతో అవతలి వైపుకు ఒరగకూడదు, మీ భుజం మీదుగా మలుపు లోపలికి చూడమని బయలుదేరే ముందే చెప్పండి. మా ఆవిడకు పదేళ్లుగా చెబుతున్నా. ఇప్పటికీ మలుపు రాగానే కళ్లు మూసుకుని మల్లన్నకు దండం పెడుతుంది, కాకపోతే ఒరగడం మాత్రం మానేసింది.