ఫైలు అనుమతులు: మా పనిలో తరచుగా వినిపించే అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, మిర్యాలగూడ ప్రాంతాలలోని కళాశాలల ల్యాబ్‌లలోనూ రైసు మిల్లుల కార్యాలయాలలోనూ కంప్యూటర్లు, సర్వర్ల నిర్వహణ నా వృత్తి. ఈ పనిలో నేను ఎక్కువగా సరిదిద్దేది అవసరానికి మించి ఇచ్చిన ఫైలు అనుమతులనే, అంటే ఒక ఫైలును ఎవరు చదవవచ్చో, మార్చవచ్చో, నడపవచ్చో నిర్ణయించే అమరికలనే.

అపోహ: మా సర్వరు దగ్గరకు బయటివారు రారు, లోపలి అనుమతులు ఎలా ఉన్నా ఫరవాలేదు.

వాస్తవం: ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, కంప్యూటరులో బయటి దొంగ కూడా ముందుగా ఇంటివాడి వేషమే వేస్తాడు. వెబ్‌సైటులోని లోపం గుండా వచ్చినవాడికి సాధారణంగా మొదట దక్కేది వెబ్ సర్వరు నడిచే చిన్న ఖాతా మాత్రమే. అక్కడి నుంచి రూట్ (లినక్స్‌లో అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) దాకా ఎగబాకడానికి అతడు వెతికేది మనం తెరిచి వదిలేసిన ఫైళ్లను.

అపోహ: మామూలు స్క్రిప్టే కదా, 777 (అందరికీ చదివే, రాసే, నడిపే అనుమతి) ఇస్తే పని నడుస్తుంది.

వాస్తవం: ఫైలులో ఏముందన్నదాని కంటే అది ఎవరి అధికారంతో నడుస్తుందన్నది ముఖ్యం. రాత్రి 2 గంటలకు క్రాన్ (నిర్ణీత సమయానికి పనులు నడిపే లినక్స్ సదుపాయం) ద్వారా రూట్ పేరుతో నడిచే బ్యాకప్ స్క్రిప్టుకు 777 ఉంటే, ఆ సర్వరులో ఖాతా ఉన్న ఏ విద్యార్థి అయినా అందులో ఒక్క పంక్తి చేర్చి తెల్లవారేసరికి రూట్ కాగలడు. విండోస్‌లోనూ ఇంతే. ఒక మిల్లులో లారీల కాంటా సాఫ్ట్‌వేరు సర్వీసు లోకల్ సిస్టమ్ ఖాతాతో (విండోస్‌లో రూట్ లాంటిది) నడుస్తుండగా, దాని ఫోల్డరుకు ‘ఎవ్రీవన్’ పేరిట ఫుల్ కంట్రోల్ ఇచ్చి ఉండటం చూశాను. గుమస్తా లాగిన్ నుంచే ఆ ప్రోగ్రాం ఫైలు స్థానంలో మరొకటి పెట్టి, కంప్యూటరు రీస్టార్ట్ అయ్యేదాకా ఆగితే చాలు. అలా ఇవ్వకపోతే తూకం చీటీ రావడం లేదని ఇన్‌స్టాల్ చేసినవారు చెప్పారు. నిజానికి రాసే అనుమతి కావలసింది రికార్డులుండే ఒక్క సబ్‌ఫోల్డరుకే.

అపోహ: ఫైలును రీడ్-ఓన్లీ చేస్తే దానిని ఎవరూ మార్చలేరు.

వాస్తవం: లినక్స్‌లో ఫైలును తొలగించడం, పేరు మార్చడం అది ఉన్న డైరెక్టరీ అనుమతిని బట్టి జరుగుతాయి. స్క్రిప్టుకు 644 (యజమాని తప్ప ఇతరులు చదవడమే తప్ప రాయలేని అనుమతి) ఉన్నా డైరెక్టరీకి 777 ఉంటే, పాత ఫైలును పక్కకు జరిపి అదే పేరుతో కొత్తది పెట్టవచ్చు. అందరూ రాసుకొనే టెంప్ డైరెక్టరీకి 1777 ఉండేది ఇందుకే: ముందున్న 1, అంటే స్టికీ బిట్, ఒకరి ఫైలును మరొక సాధారణ వినియోగదారు తొలగించకుండా ఆపుతుంది.

అపోహ: చదివే అనుమతి వల్ల నష్టం లేదు.

వాస్తవం: 2021 జులైలో బయటపడిన ‘హైవ్‌నైట్‌మేర్’ లోపంలో ఇచ్చినది చదివే అనుమతే. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి, పాస్‌వర్డ్ హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌ల నుంచి లెక్కగట్టిన గుప్త రూపాలు) ఉండే శామ్ ఫైలును సాధారణ వినియోగదారులు షాడో కాపీలలో (విండోస్ దాచి ఉంచే డ్రైవు నకళ్లలో) చదవగలిగారు. అప్‌డేట్ వేసిన తరువాత కూడా పాత షాడో కాపీలను చేతితో తొలగించవలసి వచ్చింది.

అపోహ: మొత్తం సిస్టమ్‌కు ఒకేసారి 755 (యజమానికి అన్నీ, ఇతరులకు చదివే, నడిపే అనుమతి) ఇస్తే అన్నీ చక్కబడతాయి.

వాస్తవం: అలా చేస్తే లినక్స్‌లో పాస్‌వర్డ్ హ్యాష్‌లుండే షాడో ఫైలు అందరికీ చదవదగినదవుతుంది, రూట్ అధికారంతో ఆదేశాలు నడిపించే సుడో తన ఎస్‌యూఐడీ బిట్ (ప్రోగ్రాంను దాని యజమాని అధికారంతో నడిపించే గుర్తు) పోగొట్టుకొని పనిచేయడం మానేస్తుంది. ఇదే జరిగిన ఒక ల్యాబ్ సర్వరును తిరిగి నిలబెట్టడానికి నాకు ఒక శనివారమంతా పట్టింది.