గీత కలిస్తే మోడల్ కరెక్టేనా? హెలికాప్టర్ సిమ్యులేటర్ల మీద అపోహలు - వాస్తవాలు

2022 ఫిబ్రవరిలో మన నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో శిక్షణ విమానం కూలినరోజు, అందరి ఫోన్లలో అది హెలికాప్టర్ అయిపోయింది. రెండు సీట్ల సెస్నా 152 అని తర్వాత తేలినా ఊళ్లో కొందరు ఇప్పటికీ హెలికాప్టరనే అంటారు. హెలికాప్టర్ సిమ్యులేటర్లకు (నేల మీదే ఎగరడం నేర్పే యంత్రాలకు) మోడళ్లు కట్టే పని నాది. మిర్యాలగూడ వచ్చినప్పుడల్లా నాతో ఒకటే మాట: "మీ సిమ్యులేటర్ల మీద నేర్పితే ఇట్లనే అయితది." దానికీ దీనికీ ఏం సంబంధమని అడిగితే జవాబుండదు.

సిమ్యులేటర్ వీడియో గేమ్ కాదు, అక్కడితో వదిలేస్తున్నా. క్యాబిన్ ఎంత ఊగితే అంత నిజమన్నదీ తప్పే. మోడల్, అంటే హెలికాప్టర్ ఎలా కదలాలో చెప్పే లెక్కలు, తప్పైతే ఆ ఊపు తప్పునే నమ్మిస్తుంది.

అసలు కొంప ముంచే అపోహ మా ఫీల్డ్‌లోనే ఉంది: "గీతలు కలిశాయి, మోడల్ కరెక్ట్." సిమ్యులేటర్ అసలు హెలికాప్టర్‌లా నడుస్తోందా అని చూసే పరీక్షల పుస్తకం క్వాలిఫికేషన్ టెస్ట్ గైడ్. అందులో అసలు హెలికాప్టర్ ఎగిరినప్పుడు తీసిన ఫ్లైట్ డేటా గీత పక్కన సిమ్యులేటర్ గీత పెడతాం. చాలా పరీక్షల్లో టార్క్ (రోటర్‌ను తిప్పే బలం) 3 శాతం, పిచ్ (ముక్కు పైకీ కిందికీ వంగే కోణం) 1.5 డిగ్రీలు అటూఇటూ ఉంటే పాస్. ఆ హద్దులోకి గీత ఎలా వచ్చిందన్నదే ప్రశ్న. గైడులో లెక్కలు బట్టీపట్టిన పిల్లాడు అంకెలు మారిస్తే ఏం చేస్తాడో తెలుసు కదా. మాదీ పేరుకు గైడే మరి!

నా మొదటి ఉద్యోగంలో ఈ తప్పు నేనే చేశాను. హోవర్‌లో, అంటే గాలిలో ఒకేచోట నిలిచి ఉన్నప్పుడు, సైక్లిక్ (హెలికాప్టర్‌ను ముందుకూ వెనక్కూ పక్కలకూ వంచే కర్ర) వెనక్కి లాగితే ముక్కు సరిగ్గానే లేస్తోంది. పక్కకు వాలడం మాత్రం డేటాలో ఒకవైపు, మోడల్‌లో ఎదురువైపు. గడువు టెన్షన్‌లో రోల్‌కు, అంటే ఆ పక్కవాలుకు, ఒక అంకె కలిపాను. గీత అతికినట్టు కూర్చుంది. మర్నాడు 60 నాట్ల వేగంతో ఎగిరినప్పటి డేటా వేస్తే మళ్లీ తప్పు. మా సీనియర్ అడిగిందొక్కటే: "అంకె కలిపినవ్ సరే, అది గాలిలో ఎక్కడుంటది?"

ముక్కు లేస్తున్నప్పుడు రోటర్ కింది గాలి ప్రవాహం కూడా వంగుతుంది. 1990ల్లోనే పరిశోధకులు పట్టుకున్న సంగతి. ఆ వంపు నా మోడల్‌లో లేదు, అందుకే పక్కవాలు ఎదురువైపు వచ్చింది. రేపు అసలు హెలికాప్టర్‌ను ఎంత అంచుదాకా తీసుకెళ్లొచ్చో ఫ్లైట్ టెస్ట్ టీమ్ ఇలాంటి మోడల్‌నే చూసి నిర్ణయిస్తే? ఆటోరొటేషన్ (ఇంజిన్ ఆగినా రోటర్ గాలికి తిరుగుతుండగా దిగడం) లాంటి, డేటా తక్కువ దొరికే చోట ఆ అంకె ఏం చేస్తుందో ఎవరు చూస్తారు?

అందుకే 3-2-1-1 (కర్రను 3, 2, 1, 1 వంతుల సేపు అటూఇటూ మార్చి కదపడం) లాంటి ఇన్‌పుట్లతో తీసిన డేటాలో కొంత మోడల్ కట్టడానికి వాడి, మిగతాది పక్కన దాచాలి. చివరి పరీక్ష దాంతోనే. కలిపిన ప్రతి అంకెకూ కారణం రాయాలి.

"పైలట్ ఓకే అన్నాడు" అన్నదీ సరిపోదు. మంచి పైలట్ కాసేపట్లో తప్పు మోడల్‌కూ అలవాటుపడతాడు. మొదటి నిమిషాల్లో ఏమన్నాడో, ఎంత కష్టపడ్డాడో అడగాలి.

మొన్న దేవరకొండ నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. కొడుకు హెలికాప్టర్ శిక్షణకు వెళ్తున్నాడు, రాత్రులు నిద్రపట్టడం లేదంది. ఇంజిన్ ఆగిపోతే ఏం చేయాలో ముందు సిమ్యులేటర్‌లో నేర్చుకోవడమే మేలని చెప్పాను. అసలు హెలికాప్టర్ ఎక్కాక ఏదైనా తేడా అనిపిస్తే ఇన్‌స్ట్రక్టర్‌కు రాసివ్వమన్నాను.

"అట్ల తప్పులు రాసిస్తే వాళ్లకు కోపం రాదా తమ్ముడూ?"

"రాదక్కా, ఆ కాగితం కోసమే మేం చూస్తుంటాం."