ఇంగ్లండ్ కింది డివిజన్ల ఫుట్‌బాలర్లు: అపోహలు - వాస్తవాలు

నేను ఫిజియోథెరపిస్టుని. వరంగల్ నుంచి ఇక్కడికొచ్చి ఆరేళ్లుగా ఇంగ్లండ్‌లో ఒక లీగ్ టూ క్లబ్బులో పనిచేస్తున్నాను. అన్నిటికన్నా పైనుండే ప్రీమియర్ లీగ్ నుంచి లెక్కపెడితే ఇది నాలుగో మెట్టు. నా పనేమిటో చెప్పగానే మనవాళ్లు అనే మాటలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వాటికే ఈ జవాబులు.

అపోహ: ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ ఆడుతున్నాడంటే కోట్లలో సంపాదన.

ప్రీమియర్ లీగ్‌లో ఉన్నవి 20 క్లబ్బులు. దాని కింద మూడు డివిజన్లలో మరో 72 ఉన్నాయి. కిందికి దిగేకొద్దీ జీతాలు మామూలు ఉద్యోగుల జీతాలకు దగ్గరవుతాయి. పైగా చాలామందికి కాంట్రాక్టు ఏడాదికో రెండేళ్లకో మాత్రమే. సీజన్ అయిపోయాక మే నెలలో ఎవరిని ఉంచుకుంటారో, ఎవరిని వదిలేస్తారో క్లబ్బు జాబితా ఇస్తుంది. జూన్ 30తో కాంట్రాక్టు ముగుస్తుంది. కూతుర్ని ఏ ఊరి బళ్లో చేర్పించాలో జూలై దాకా తెలియని తండ్రులు మా డ్రెస్సింగ్ రూమ్‌లో ఉన్నారు.

అపోహ: దెబ్బ తగిలితే స్ప్రే కొడతారు, లేచి పరుగెత్తుతాడు.

ఆ స్ప్రే చర్మాన్ని చల్లబరిచి కాసేపు నొప్పి తెలియకుండా చేస్తుంది, అంతే. చిరిగిన కండరం దాంతో అతుక్కోదు. అసలు కష్టం వేరే చోట ఉంది. చాలా కాంట్రాక్టుల్లో మూల జీతం కొంతే, మ్యాచ్ ఆడితే వచ్చే డబ్బు విడిగా ఉంటుంది. అందుకే నొప్పి దాస్తారు. ఒక మంగళవారం మ్యాచ్‌కి ముందు మా డిఫెండర్ బల్ల మీద బోర్లా పడుకున్నాడు. తొడ వెనక కండరాన్ని బొటనవేలితో నొక్కి, "నొప్పా?" అని అడిగాను. "లేదు ఫిజియో" అన్నాడు. కానీ అతని కాలివేళ్లు ముడుచుకున్నాయి. ఆడకూడదని మేనేజర్‌కి చెప్పాను. రెండు రోజులు అతను నాతో మాట్లాడలేదు. ఆ కాంట్రాక్టుకు మిగిలింది పది వారాలే. అతని కోపంలో న్యాయం ఉందని నాకు తెలుసు, అయినా రేపు మళ్లీ అదే చెబుతాను.

తలకు దెబ్బ తగిలితే మాత్రం బేరాల్లేవు. సందేహం ఉంటే చాలు, బయట కూర్చోబెట్టాల్సిందే.

అపోహ: వారానికి ఒక్క మ్యాచే కదా!

లీగ్ మ్యాచులే 46, కప్పులు అదనం. శనివారం ఆడి మంగళవారం రాత్రి మళ్లీ ఆడే వారాలు ఎన్నో. ప్లిమత్ నుంచి కార్లైల్‌కి ఒకవైపే దాదాపు 390 మైళ్లు. ఆ రెండు క్లబ్బులూ ఒకే డివిజన్‌లో ఉన్న ఏళ్లలో అంత దూరం పోయి ఆడి రావాల్సి వచ్చేది.

అపోహ: కింద ఆడుతున్నాడంటే ప్రతిభ లేదని.

జేమీ వార్డీ అనే ఆటగాణ్ణి 16 ఏళ్లప్పుడు షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు వదిలేసింది. స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ అనే చిన్న క్లబ్బుకు వారానికి 30 పౌండ్లకు ఆడుతూ ఫ్యాక్టరీలో పనిచేశాడు. 2016లో లెస్టర్ సిటీ జట్టు తరఫున ప్రీమియర్ లీగ్ గెలిచాడు. అయితే ఈ కథ చెప్పి పిల్లల్ని ఊరించడం నాకు నచ్చదు. 16 ఏళ్లకు క్లబ్బులో శిక్షణకు చేరి, 18కి ప్రొఫెషనల్ కాంట్రాక్టు రాక ఇంటిదారి పట్టే కుర్రాళ్లను ఏటా చూస్తున్నాను. వాళ్లలో ఆట బాగా వచ్చినవాళ్లూ ఉంటారు. మేనేజర్ మారడమో, ఒక్క మోకాలి గాయమో చాలు.

అపోహ: క్లబ్బు ఎక్కడికీ పోదు.

1999లో మన భారత ఫుట్‌బాలర్ బైచుంగ్ భూటియా చేరిన బరీ క్లబ్బునే తీసుకోండి. 1885లో పుట్టి ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్‌ను రెండుసార్లు గెలిచిన ఆ క్లబ్బును అప్పుల ఊబిలో ఉండగా 2019 ఆగస్టులో లీగ్ నుంచి తొలగించారు. సీజన్ మొదలయ్యాక ఆటగాళ్లు కొత్త క్లబ్బు వెతుక్కోవాల్సి వచ్చింది.

అపోహ: రిటైరయ్యాక కాలు మీద కాలేసుకుని బతకొచ్చు.

33, 34 ఏళ్లకు ఆట ఆగిపోతుంది, ఇంటి అప్పు ఆగదు. 1907లో ఏర్పడిన ఆటగాళ్ల సంఘం, పీఎఫ్‌ఏ, చదువుకునేవాళ్లకు సాయం చేస్తుంది. నాతో పనిచేసే ఇంకో ఫిజియో ఒకప్పుడు లెఫ్ట్‌బ్యాక్, అంటే ఎడమవైపు ఆడే డిఫెండర్. అలాగే చదువుకుని ఈ పనిలోకి వచ్చాడు. నేను బొటనవేలితో నొక్కి కనిపెట్టే నొప్పిని, ఆటగాడు బల్ల ఎక్కే తీరు చూసే అతను చెప్పేస్తాడు.