పాలిప్ జాడ పట్టే పరీక్ష: 60 ఏళ్ల వెతుకులాట

పెద్దపేగు క్యాన్సర్ రాత్రికి రాత్రి వచ్చిపడేది కాదు. పేగు లోపలి పొర మీద బుడిపెలా లేచిన పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. చాలా పాలిప్‌లు అసలు మారవు కూడా. మారేవాటిని ముందే కోసేస్తే క్యాన్సర్ రాదు. 1969లో న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా కొలనోస్కోప్ (పెద్దపేగు లోపల చూసే గొట్టం) గుండా తీగ ఉచ్చు పంపి, పొట్ట కోయకుండానే పాలిప్ తీసి చూపించారు. తీయడం అలా తేలికైంది. ఎవరి పేగులో ఉందో తెలుసుకోవడమే మిగిలిన చిక్కు.

మొదట దొరికిన ఆనవాలు రక్తం. గ్వాయకం అనే చెట్టు బంక పట్టించిన కాగితం మీద పుల్లతో కాస్త మలం రాసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే, రక్తం ఉన్నచోట నీలం తిరుగుతుంది. 19వ శతాబ్దం నాటి ఈ కిటుకును 1967లో అమెరికా డాక్టర్ డేవిడ్ గ్రీగర్ ఇంట్లోనే వాడుకునే కార్డుగా పరిచయం చేశారు. అయితే ఆ కాగితానికి రక్తం ఎవరిదో తెలియదు. నిన్న తిన్న మాంసానికీ నీలం తిరుగుతుంది, ముల్లంగికీ తిరుగుతుంది! అందుకే పరీక్షకు ముందు పథ్యం. అంత మొరటు పరీక్షే అయినా, ఏటా చేయించుకున్నవారిలో ఈ క్యాన్సర్ మరణాలు 33 శాతం తగ్గాయని 1993లో మిన్నెసోటా అధ్యయనం తేల్చింది. తర్వాత మనిషి హిమోగ్లోబిన్‌ను మాత్రమే గుర్తుపట్టే ఫిట్ పరీక్ష వచ్చి పథ్యం బాధ తప్పించింది.

అసలు లోపం మాత్రం అలాగే ఉంది. పాలిప్‌లలో ఎక్కువ భాగం రక్తం కార్చవు. కారితే పట్టే పరీక్ష, కారని దాన్ని ఎలా పడుతుంది?

అంతకుముందే 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ పెద్దపేగు క్యాన్సర్‌లో కనిపించే సీఈఏ అనే ప్రొటీన్‌ను కనుగొన్నారు. రక్త పరీక్షతోనే పని అయిపోతుందని అప్పట్లో చాలా ఆశపడ్డారు. తీరా చూస్తే అది పొగతాగేవాళ్లలోనూ పెరుగుతుంది, తొలిదశ క్యాన్సర్‌లో మామూలుగానే ఉంటుంది. ఇప్పుడు దాని ముఖ్యమైన పని చికిత్స తర్వాత జబ్బు తిరగబెట్టిందేమో చూడటం.

కథ మలుపు తిరిగింది బాల్టిమోర్‌లో. సాధారణంగా ముందు ఏపీసీ జన్యువు, తర్వాత కేరాస్, చివర్లో పీ53 ఇలా ఒక్కొక్కటే చెడుతూ పాలిప్ క్యాన్సర్ అవుతుందని బెర్ట్ వోగెల్‌స్టీన్ బృందం 1990 నాటికి ఒక క్రమం గీసింది. అంటే క్యాన్సర్ రాకముందే చెడిన డీఎన్‌ఏ ఉంటుంది. పేగు పొర నుంచి కణాలు రాలుతూనే ఉంటాయి కాబట్టి అది మలంలోకీ వస్తుంది. 1992లో అదే ల్యాబ్ రోగుల మలంలో రాస్ (కేరాస్ ఉన్న జన్యు కుటుంబం) జన్యుమార్పులను పట్టి చూపింది. చెప్పినంత తేలిక కాదు లెండి. మలంలో ఉండే డీఎన్‌ఏ దాదాపు అంతా బ్యాక్టీరియాదే, అందులో మనిషిది వెతుక్కోవాలి.

అది మార్కెట్లోకి రావడానికి మరో 22 ఏళ్లు పట్టింది. కేరాస్ మార్పులు, ఎన్‌డీఆర్‌జీ4, బీఎంపీ3 జన్యువుల మీద పడే మిథైల్ గుర్తులు (డీఎన్‌ఏకు అంటుకునే రసాయన గుర్తులు), వాటికి తోడు హిమోగ్లోబిన్... వీటన్నిటినీ కలిపి చూసే కొలోగార్డ్‌కు 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాదాపు పదివేల మందిపై జరిగిన అధ్యయనంలో అది క్యాన్సర్లలో 92 శాతం పట్టింది. ముప్పున్న పాలిప్‌లలో మాత్రం 42 శాతమే. ఫిట్ 24 శాతం దగ్గరే ఆగింది. పైగా కొలోగార్డ్‌కు తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువ. ఏ పరీక్షలో పాజిటివ్ వచ్చినా చివరికి కొలనోస్కోపీ గదికి వెళ్లాల్సిందే.

రక్తంలో క్యాన్సర్ డీఎన్‌ఏ జాడ వెతికే, 2024లో అమెరికాలో అనుమతి పొందిన షీల్డ్ పరీక్ష క్యాన్సర్లను 83 శాతం, ముప్పున్న పాలిప్‌లను 13 శాతం పట్టింది. కారణం ఊహించదగ్గదే. పాలిప్ పేగు బోలులోకి పెరుగుతుంది, రాలిన కణాలు మలంలో కలుస్తాయి. రక్తనాళాల్లోకి చొరబడే దశ ఇంకా రాలేదు. చేయి చాపి రక్తం ఇవ్వడం సులువు కాబట్టి, మలం పరీక్షకు మొహమాటపడేవాళ్లూ ముందుకొస్తారన్నది దీన్ని సమర్థించేవాళ్ల వాదన. అది నిజమే కావచ్చు. కానీ ఆ లెక్కన ముప్పున్న పాలిప్‌తో వచ్చిన ప్రతి 100 మందిలో 87 మంది నెగెటివ్ రిపోర్టుతోనే ఇంటికి వెళతారు.