రోహ్‌తాంగ్ పర్మిట్ దొరకలేదని అలిగిన మనవలకు

అమ్ములూ, చింటూ,

మనాలీ దాకా వెళ్లి రోహ్‌తాంగ్ చూడకపోతే ఎలా అని ఇద్దరూ మూతి ముడుచుకున్నారట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ కనుమకు రోజుకు 1,200 బళ్లు మించకూడదని హద్దు పెట్టింది పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్. అందులో డీజిల్‌వి 400. పొగలోని మసి తెల్లటి మంచు మీద పడితే అది ఎండను ఎక్కువ పీల్చుకుని తొందరగా కరుగుతుంది.

ఆదివారం మన నంది కొండ దారిలో కార్లు బారులు తీరడం లేదా అంటారేమో. హిమాలయాల సంగతి వేరు. ఒకప్పుడు హిమానీనదాలు రాతిని గీరుకుంటూ పోయిన చోట్ల మట్టి పలచన, చలికి గడ్డి పెరిగేది ఏడాదిలో కొన్ని నెలలే. కాలిబాట బురదైతే మనమేం చేస్తాం? బూట్లు పాడవుతాయని పక్కన గడ్డి మీద నడుస్తాం. వెనకవాళ్లు ఇంకాస్త పక్కకు జరుగుతారు. బాట వెడల్పవుతుంది, వాన నీళ్లు అందులోంచి పారి మట్టిని కోసుకుపోతాయి. ఆ గడ్డి మళ్లీ రావాలంటే ఏళ్లు పడుతుంది. ఉత్తరాఖండ్‌లో బుగ్యాల్ అనే కొండ పచ్చిక మైదానాలు ఇలా పాడవుతుంటే, 2018లో హైకోర్టు అక్కడ రాత్రి బస వద్దంది. రోజుకు 200 మందికి మించి రానివ్వొద్దని కూడా చెప్పింది.

లద్దాఖ్‌లోని లేహ్‌లో ఇబ్బంది నీళ్లతో. ఏడాదంతా కలిపి పడే వాన సుమారు 100 మిల్లీమీటర్లే. అందుకే పాతకాలపు ఇళ్లలో నీళ్లు అక్కర్లేని మరుగుదొడ్డి ఉంటుంది: పైగదిలో నేలకు కన్నం, పక్కన మట్టి, పార. వెళ్లొచ్చాక రెండు పారల మట్టి వేస్తారు, కింద ఎరువు తయారై పొలానికి పోతుంది. టూరిస్టులకు ఫ్లష్, షవర్ కావాలి కదా, హోటళ్లు బోర్లు వేశాయి. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం మన వీధిలో పడే టెన్షన్ మీకు తెలిసిందేగా.

ఒక్క చోట గేటు పెడితే చాలదనేది నా అభిప్రాయం. 2020లో అటల్ సొరంగం తెరిచారు, రోహ్‌తాంగ్ ఎక్కకుండానే అవతలి లాహౌల్ లోయలో దిగొచ్చు. ఇప్పుడు జనం అక్కడి సిస్సు ఊరి మీద పడుతున్నారు! పర్మిట్ లెక్కలు వేసేవాళ్లు ఆ ఊరినీ కలిపి చూడాలి. పార్కింగు, చెత్త ఖర్చు టూరిస్టుల దగ్గరే వసూలు చేసి ఆ పంచాయతీకే ఇవ్వాలి. నన్నడిగితే కారుకు ఇంతని గట్టిగానే పెట్టమంటాను, మీ నాన్న విసుక్కున్నా సరే.

లేహ్‌లో గది ఇంకా బుక్ చేయకపోతే, ఆ మట్టి మరుగుదొడ్డి ఉన్న హోమ్‌స్టే అడగమనండి. రెండు రోజులకు మీకే అలవాటవుతుంది.

మీ తాతయ్య
బెంగళూరు