నల్లోడూ, మావయ్య గారి బీపీ

పొద్దున్న ఐదున్నరకి విశాఖలో మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ మెట్ల మీద గోళ్ల టకటక వినిపించిందంటే మూడో అంతస్తు మావయ్య గారు దిగుతున్నట్టే. ముందు నల్లోడు, వెనక ఆయన, మధ్యలో బిగిసిన గొలుసు. లిఫ్టుంది. కానీ నల్లోడు లిఫ్టెక్కడు కాబట్టి ఆయనా ఎక్కరు.

మావయ్య గారు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. అత్తయ్య గారు పోయి నాలుగేళ్లయింది, పిల్లలు హైదరాబాదులో ఉంటారు. బీపీ ఉంది. రోజూ అరగంట నడవమని డాక్టరు చెప్తే కొత్త బూట్లు కొని పన్నెండు రోజులు నడిచారు. తరవాత ఆ బూట్లు స్టాండులోనే ఉండిపోయాయి. రెండేళ్ల కిందట వానాకాలంలో, సెల్లారులో ఎవరిదో స్కూటర్ కింద ఓ వీధికుక్క పిల్ల వణుకుతూ దొరికింది. వాన తగ్గాక వదిలేద్దామని పైకి తీసుకెళ్లారు. వాన తగ్గింది. నల్లోడు ఉండిపోయాడు.

"ఏటి బాబూ, డాక్టరు చెప్తే లేవలేదు గానీ ఈడు మూలిగితే మంచం మీద ఉండలేకపోతన్నాను" అంటారాయన.

పెంపుడు జంతువు ఆరోగ్యానికి మంచిదని అందరూ అనేదే. ఎలాగని అడిగితే మాత్రం ప్రేమ, అభిమానం అని తేల్చేస్తారు. నాకు ఆ జవాబు చాలదు. సగం సంగతి ఆ గొలుసులోనే ఉందని నా అనుమానం.

బ్రిటన్‌లో 65 ఏళ్లు దాటినవాళ్లకి అడుగులు లెక్కపెట్టే పరికరాలు పెట్టి చూశారు. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. కుక్క ఉన్నవాళ్లు లేనివాళ్లకంటే రోజుకి సగటున 22 నిమిషాలు, అంటే 2,760 అడుగులు ఎక్కువ నడుస్తున్నారు. వారానికి లెక్కేస్తే 154 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే ఓ మోస్తరు వ్యాయామం వారానికి కనీసం 150 నిమిషాలు. కుక్క కోసం వేసిన అదనపు అడుగులతోనే ఆ కోటా పూర్తయిపోతోందన్నమాట.

అదే ఏడాది స్వీడన్ నుంచి ఇంకా పెద్ద లెక్క వచ్చింది. అక్కడ ప్రతి కుక్కనీ రిజిస్టర్ చేయాలి, ఆస్పత్రి రికార్డులూ పక్కాగా ఉంటాయి. 40 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న 34 లక్షల మంది వివరాలను 12 ఏళ్ల మేర పరిశీలించారు. కుక్కతో మేలు ఎక్కువగా కనిపించింది ఒంటరిగా ఉండేవాళ్లలో. కుక్క లేని ఒంటరివాళ్లతో పోలిస్తే, కుక్క ఉన్న ఒంటరివాళ్లకి ఆ కాలంలో చనిపోయే ముప్పు 33 శాతం తక్కువ. ఇది చదివినప్పుడు నాకు మావయ్య గారే గుర్తొచ్చారు.

అయితే ఇక్కడో మెలిక ఉంది. నడవగల ఓపిక, పెంచగల స్తోమత ఉన్నవాళ్లే కదా కుక్కని తెచ్చుకునేది? అలాంటివాళ్లు మొదటినుంచీ ఆరోగ్యంగానే ఉండొచ్చు. కాలిఫోర్నియాలో పిల్లల మీద జరిగిన ఓ అధ్యయనంలో అదే తేలింది. పెంపుడు జంతువులున్న ఇళ్లలో పిల్లలు ఆరోగ్యంగా కనిపించారు. ఆదాయం, ఇల్లు, కుటుంబ పరిస్థితులు లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా దాదాపు మాయమైపోయింది.

ఈ చిక్కు తప్పాలంటే జంతువు ఎవరికి వెళ్లాలో చీటీ తీసినట్టు నిర్ణయించాలి. అమెరికాలో కేరెన్ అలెన్ అనే పరిశోధకురాలు అదే చేశారు. బీపీ ఉన్న 48 మంది స్టాక్ బ్రోకర్లను తీసుకున్నారు. అందరికీ లిసినోప్రిల్ అనే బీపీ మాత్ర మొదలుపెట్టి, సగం మందిని మాత్రం కుక్కనో పిల్లినో తెచ్చుకోమన్నారు. ఆరు నెలల తరవాత చూస్తే, ఊరికే కూర్చున్నప్పటి బీపీ రెండు గుంపుల్లోనూ తగ్గింది. అది మాత్ర మహిమ. కానీ గబగబా నోటి లెక్కలు చేయమన్నప్పుడు, ఉపన్యాసం ఇమ్మన్నప్పుడు మాత్రం జంతువున్నవాళ్లకి బీపీ అంతగా ఎగబాకలేదు.

నన్నడిగితే ఈ విషయం మొత్తంలో అసలైన ముక్క ఇదే. మన బీపీ పెరిగేది కుర్చీలో కూర్చున్నప్పుడు కాదు, కరెంటు బిల్లు చూసినప్పుడు, జగదాంబ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు. టెన్షన్‌లో ఎగబాకే బీపీకి మాత్ర పెద్దగా అడ్డుపడలేదు, జంతువు అడ్డుపడింది.

ఎలా అడ్డుపడిందనే దానికి ఓ ఆధారం జపాన్‌లో దొరికింది. 2015లో అజబు విశ్వవిద్యాలయం వాళ్లు యజమానినీ కుక్కనీ అరగంట ఒకే గదిలో ఉంచి, ముందూ వెనకా ఇద్దరి మూత్రంలో ఆక్సిటోసిన్ కొలిచారు. బిడ్డకి పాలిచ్చేటప్పుడు తల్లిలో ఊరే హార్మోన్ ఇది. ఒకరి కళ్లలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకున్న జంటల్లో అది ఇద్దరిలోనూ పెరిగింది. మనుషులు పెంచిన తోడేళ్లతోనూ చూశారు, అవి కళ్లు కలపడమే అరుదు. మావయ్య గారు ఇడ్లీ తింటుంటే నల్లోడు ఆయన మోకాలి మీద గడ్డం ఆనించి, కనుబొమలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఎత్తి చూస్తూ కూర్చుంటాడు. అది ఇడ్లీ కోసమేనని నా అభిప్రాయం. ఆక్సిటోసిన్‌కి ఆ సంగతి పట్టదు కాబోలు.

ఇంకోటి, మనుషులు. అప్పూఘర్ దగ్గర బీచ్ రోడ్డు మీద ఒంటరిగా నడిచే పెద్దాయనని ఎవరూ పలకరించరు. పక్కన కుక్క ఉంటే "కరుస్తాదా అండీ?" అని మొదలుపెట్టి పిల్లల ఉద్యోగాల దాకా వెళ్తారు. మురీ మిక్చర్ అమ్మే అబ్బాయికి మావయ్య గారి పేరు ఇప్పటికీ తెలీదు, నల్లోడి పేరు తెలుసు.

కుక్కని పెంచే వీల్లేనివాళ్లకి చేపలున్నాయి. ఇంగ్లాండులోని ప్లిమత్ అక్వేరియంలో ఖాళీ తొట్టెలో చేపల్ని విడతలుగా నింపుతూ, చూసేవాళ్ల గుండె వేగం కొలిచారు. చేపలు పెరిగేకొద్దీ గుండె నెమ్మదించింది. మన బీచ్ రోడ్డు మత్స్యదర్శినిలో అద్దానికి ముక్కు ఆనించి నిలబడే పిల్లలు అంతసేపు కదలకుండా ఇంకెక్కడా నిలబడరు.

కుక్కని తెచ్చుకునేవాళ్లు మాత్రం రేబిస్ సంగతి ముందే తెలుసుకోవాలి. లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. కుక్కపిల్లకి మూడో నెలలో టీకా, తరవాత పశువైద్యుడు చెప్పినప్పుడల్లా బూస్టర్ వేయించాలి. కరిచినా, పంటి గీత పడినా కారం, సున్నం పూయకూడదు. ధారగా పడే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకి వెళ్లాలి. గర్భిణులు పిల్లి మలం ఎత్తకూడదు, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కడుపులో బిడ్డకి ప్రమాదం. ఎండెక్కాక తారురోడ్డు మీద కుక్కని నడిపిస్తే పాదాలు కాలిపోతాయి. మన అరచేతి వెనక భాగం ఆనించి చూసుకుంటే తెలిసిపోతుంది.

మొన్న అల్పపీడనం వచ్చి రెండు రోజులు వాన వదల్లేదు. నల్లోడికి వానంటే భయం, గేటు దాకా వచ్చి నాలుగు కాళ్లూ తన్నిపెట్టి నిలబడిపోయాడు. ఎంత లాగినా కదల్లేదు. పాలప్యాకెట్ కోసం నేను దిగేసరికి వాడు ఆ పాత స్కూటర్ కింద పడుకుని చూస్తున్నాడు. మావయ్య గారు గొలుసు చేతికి చుట్టుకుని సెల్లారు చుట్టూ ఒక్కరే తిరుగుతున్నారు.

"ఎన్నో రౌండు మావయ్య గారూ?"

"ఇరవై రెండు. మాటాడించకు, లెక్క తప్పిపోద్ది."