మిరపకాయ మీద చేరిన ఆర్సెనిక్

చైనా నైరుతిలో గ్వీజౌ అనే ప్రావిన్స్ ఉంది. మిరపకాయలు కోతకొచ్చే రోజుల్లో అక్కడ చలి, ముసురు. మన గుంటూరు వైపులా కళ్లంలో ఎండబెట్టే వీలుండదు. అందుకని పల్లె జనం ఇంట్లోనే, పొగగొట్టం లేని బొగ్గు పొయ్యి మీద వేలాడదీసి ఆరబెట్టుకునేవాళ్లు. పచ్చి కాయలో ఆర్సెనిక్ కిలోకి ఒక మిల్లీగ్రాము కూడా లేదు. ఆ పొగకు ఎండిన కాయల్లో 500 మిల్లీగ్రాముల దాకా తేలింది! కనీసం 3,000 మంది ఈ విషానికి గురయ్యారు. ఒంటి మీద మచ్చలు వచ్చాయి, అరచేతులు, అరికాళ్లు కాయలు కాసినట్టు గట్టిపడ్డాయి. అక్కడి బొగ్గు కొన్నిచోట్ల బరువులో 3 శాతానికి పైగా ఆర్సెనిక్కే.

మంటలో పడితే విషం కాలిపోతుందని అనుకుంటాం. ఆర్సెనిక్ మూలకం కదా, ఎంత కాల్చినా ఆర్సెనిక్‌గానే మిగులుతుంది. బొగ్గును వదిలి ఆక్సైడ్ ఆవిరిగా పైకి లేస్తుంది, చల్లటిది ఏది తగిలితే దాని మీద పేరుకుంటుంది. ఆ ఇళ్లలో దానికి తగిలింది మిరపకాయ.

థర్మల్ కేంద్రంలో జరిగేదీ ఇదే. ఫర్నేస్ వేడి 1,300 డిగ్రీలు దాటుతుంది. మాంగనీస్ లాంటివి చాలావరకు బూడిదలోనే ఉండిపోతాయి. ఆర్సెనిక్, కాడ్మియం, సీసం మాత్రం ఆవిరై, పొగ చల్లారే కొద్దీ ఫ్లైయాష్, అంటే పొగతో పాటు ఎగిరే సన్న బూడిద, రేణువులకు అంటుకుంటాయి. రేణువు ఎంత సన్నదైతే, దాని బరువుతో పోలిస్తే పైతలం అంత ఎక్కువ. కాబట్టి గ్రాముకు ఎక్కువ విషం మోసేవి సన్న రేణువులే. కరెంటుతో దుమ్మును లాగిపట్టే ఈఎస్‌పీ 99 శాతానికి పైగా బూడిదను ఆపగలదు. కానీ జారిపోయేవాటిలో మైక్రాన్‌లోపు (మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా చిన్న) రేణువులే ఎక్కువ, ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లేవీ అవే. అందుకే బూడిదను బరువులో ఎంత శాతం ఆపామన్న లెక్క ఒక్కటే సరిపోదని నా గట్టి అభిప్రాయం.

పాదరసం తీరు వేరు. పొగ 140 డిగ్రీలకు దిగినా చాలావరకు ఆవిరిగానే ఉంటుంది. బొగ్గులోని క్లోరిన్‌తో కలిసిన భాగం నీళ్లలో కరుగుతుంది, సల్ఫర్ డయాక్సైడ్‌ను కడిగే ఎఫ్‌జీడీ యూనిట్ దాన్నీ పట్టేస్తుంది. కలవని భాగం నెలల తరబడి గాలిలో తిరుగుతుంది. మన దేశం 2015లో పాదరసానికి ఘనపు మీటరు పొగకు 0.03 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. 2025 జులైలో మాత్రం చాలా థర్మల్ కేంద్రాలకు ఎఫ్‌జీడీ నుంచి మినహాయింపు ఇచ్చారు. సల్ఫర్‌తో పాటే కరిగే పాదరసాన్నీ పట్టే వీలు ఆ కేంద్రాలకు అలా తప్పిపోయింది.